క్రిస్మస్‌కు ఎవరికేం రాయాలి? ఈసారి ఫార్వర్డు పంపొద్దనుకున్నా

కాజీపేట జంక్షన్
డిసెంబరు 14, ఆదివారం, రాత్రి 9:10

నమస్తే అందరికీ. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

పోయినేడు క్రిస్మస్ పొద్దున, చర్చికి బయల్దేరే ముందు, వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి 214 మందికి ఒక్క దెబ్బకు మెసేజ్ కొట్టాను. మంచు కొండలు, గంటలు, కింద బంగారు రంగు అక్షరాల్లో "మీ ఇంట ఆనందాలు వెల్లివిరియాలి". కాజీపేటలో మంచు ఎక్కడిదని అడక్కండి. పది నిమిషాలకు మా పాత క్వార్టర్ పక్కింటి అక్క నుంచి జవాబు వచ్చింది: "ఆనందం యాడిది తమ్మీ. మీ బావ పోయి ఇరవై రోజులాయె."

తెలియక పంపింది కాదు. బావ పోయాక ఇంట్లో పెట్టిన ప్రార్థనకు, అదే ఆదరణ కూడికకు, టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు తెచ్చి వేసింది నేనే. లిస్టులో ఆమె నంబరు ఉంది, వేలు నొక్కింది, పోయింది. డిలీట్ చేసేలోపే చూసేసింది. ఆ మధ్యాహ్నం బగారా అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

అందుకని ఈసారి ఆ లిస్టే తీసేశాను. కొంతమందికైనా విడివిడిగా, నా మాటల్లో రాద్దామని. తీరా కూర్చుంటే "హ్యాపీ క్రిస్మస్" తర్వాత ఏం రాయాలో తోచడం లేదు. రాయాల్సిన వాళ్ళు: ఆ అక్క. మా పాస్టరుగారు. మా సెక్షన్ సారు, ఆయన వెంకన్న భక్తుడు. బడి నుంచి కలిసి తిరిగిన మండిబజార్ దోస్తు. షార్జాలో ఉన్న తమ్ముడు. మా మామగారు. మా అన్న, ఆయనతో మూడేళ్ళుగా మాటల్లేవు. ఇంకా మా ఆవిడ.

మీరు ఎవరికేం రాస్తారో చెప్పండి. మీకొచ్చిన వాటిలో గుర్తుండిపోయినవి ఉంటే అవీ పెట్టండి.

డోర్నకల్ అక్క
డిసెంబరు 14, రాత్రి 9:48

ముందు ఆ అక్క సంగతి చూద్దాం తమ్ముడూ. మిగతా వాళ్ళు ఆగగలరు.

మా ఆయన పోయిన ఏడు నాకూ వచ్చాయి అలాంటివి. కోపం రాలేదు. కానీ ఒకటి గమనించాను, ఆయన ఊసెత్తడానికే అందరూ జంకారు. ఎత్తితే నేను ఏడుస్తానని. ఎత్తకపోతే ఏడవనా? "ధైర్యంగా ఉండమ్మా" అన్నవాళ్ళే అందరూ. మా ఆడపడుచు ఒక్కతే రాసింది: "వదినా, అన్న పాడే పాట ఈసారి ఎవరు ఎత్తుకున్నా నేను బయటికి లేచిపోత. నువ్వు కూడ రా, అరుగు మీద కూసుందాం." నిజంగానే ఇద్దరం లేచిపోయి కూర్చున్నాం. లోపల పాట అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ మెసేజ్ ఇప్పటికీ ఫోన్లో ఉంది.

ఇంకో సంగతి. మీ బావ పోయి ఏడాది దాటింది కదా, ఇప్పుడు అందరూ ఆమె కోలుకుందనుకుంటారు. మొదటి క్రిస్మస్‌కు ఇల్లంతా జనం ఉంటారు. రెండో క్రిస్మస్‌కు ఎవరికీ గుర్తుండదు. కాబట్టి నువ్వు ఈసారి రాయడమే మంచిది. శుభాకాంక్షలు, ఆనందాలు అనే మాటలు పెట్టకు. పోయినేటి దానికి క్షమాపణ కూడా పెద్దగా రాయకు, మళ్ళీ ఆమే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. నేనైతే ఇలా రాస్తా:

"అక్కా, 24 సాయంత్రం ఆరింటికి వస్తున్న. బావ స్టార్ కట్టే మేకు గోడకు ఇంకా ఉంది కద, నిచ్చెన నేను తెస్త. వంటేం పెట్టుకోకు, చాయ్ చాలు."

రాశాక వెళ్ళాలి మరి. వెళ్ళేది లేకపోతే రాయనే రాయకు.

సూటిగా చెప్త
డిసెంబరు 14, రాత్రి 10:20

అందరూ కొట్టడానికి రాకండి. ఒకరికి పొరపాటు జరిగిందని 213 మందికి మానేస్తారా? ఫార్వర్డు అంత పాపమా?

ఊరికే అనడం లేదు. అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డే ఒక ఫార్వర్డు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి పండుగ ఉత్తరాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి, జవాబులు రాసే తీరిక లేదు. హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి 1000 కార్డులు అచ్చు కొట్టించాడు. తను పంపగా మిగిలినవి షిల్లింగుకు ఒకటి అమ్మాడు. తర్వాత లోకమంతా అదే పని చేసింది. అంతెందుకు, ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ ఏమిటో తెలుసా? 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు పంపిన "మెర్రీ క్రిస్మస్". రెండే ముక్కలు. హృదయం, గుండె, కన్నీళ్ళు ఏమీ లేవు.

మా నానమ్మకు గులాబీలు తిరిగే ఫార్వర్డు పంపకపోతే అలుగుతుంది. ఆమెకు "నా మాటల్లో" రాస్తే "బొమ్మ ఏది బిడ్డా" అంటుంది.

తంతి తపాలా
డిసెంబరు 15, సోమవారం, ఉదయం 6:05

సూటిగా బాబూ, కార్డు కథ సగమే చెప్పావు. కోల్ గారి కార్డులో పైన "ఫలానా వారికి" అని, కింద "ఫలానా వారి నుంచి" అని ఖాళీలు వదిలారు. అవి చేత్తోనే నింపాలి. బొమ్మ అందరికీ ఒకటే, పేరు మాత్రం ఎవరిది వాళ్ళదే. మీరు లిస్టులో కొట్టేదానికి ఆ ఖాళీ కూడా లేదు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా తపాలా శాఖలో చేసి దిగినవాణ్ణి. గ్రీటింగ్ టెలిగ్రాములని ఉండేవి. వాటికి అచ్చు వాక్యాల పట్టిక, ఒక్కోదానికి ఒక్కో నంబరు. దీపావళికి ఒకటి, ఈద్‌కు ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి, పెళ్ళికి, పరీక్ష పాసైతే, పిల్లలు పుడితే, ఇలా. వచ్చినాయన నంబరు చెప్పేవాడు, మేం నంబరే కొట్టేవాళ్ళం, అవతలి ఆఫీసువాళ్ళు వాక్యం విప్పి రంగుల ఫారం మీద ఇచ్చేవాళ్ళు. ఒక అంకె అటూ ఇటూ అయితే కొత్త పెళ్ళికొడుక్కి "పరీక్షలో నెగ్గినందుకు అభినందనలు" పోతాయని మాలో మాకు జోకు. 2013 జూలైలో టెలిగ్రామే ఆగిపోయింది.

అయినా అది పుచ్చుకున్నవాళ్ళు దాచుకునేవాళ్ళు. ఎందుకంటే డబ్బు కట్టి, లైన్లో నిలబడి, ఒక్కరి పేరు చెప్పి పంపాడు కాబట్టి.

ఇంకోటి. మనవైపు శుభవార్త ఉత్తరమైతే మూలలకు పసుపు పూసేవాళ్ళు. క్రైస్తవుల ఇళ్ళ నుంచి వచ్చే కార్డులకు పసుపు ఉండేది కాదు, పైన "ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు" అని ఉండేది. డిసెంబరులో సార్టింగ్ చేస్తుంటే చేతిరాత చూసే ఏ ఇంటిదో చెప్పేవాణ్ణి. చదివేవాణ్ణి కాదు, నమ్మండి. పోస్టుకార్డు అయితే మాత్రం కన్ను పడేది.

హన్మకొండ టీచరమ్మ
డిసెంబరు 15, సాయంత్రం 5:30

పేపర్లు దిద్దడం ఆపి వచ్చా, కాబట్టి ఎర్ర పెన్నుతోనే మాట్లాడతా. దయచేసి "మేరీ క్రిస్మస్" అని రాయకండి. మెర్రీ. మేరీ అంటే మరియమ్మ. ఏటా మా స్కూలు గేటు ఫ్లెక్సీ మీద చూస్తాను, ఏటా చెప్తాను.

రెండోది అంతకన్నా ముఖ్యం. మన సంఘాల్లో వాడే మాటలు బయటివాళ్ళకు వేరే అర్థంలో వెళ్తాయి. "సమాధానం" అంటే మనకు శాంతి. లూకా సువార్తలో దూతల పాట "భూమిమీద సమాధానము" అనే కదా. మా స్టాఫ్ రూములో లెక్కల సారుకు ఒకసారి "మీ కుటుంబంలో దేవుని సమాధానం ఉండాలి" అని రాశాను. ఆయన పాపం రెండు రోజులు ఆలోచించి, "మేడం, నేనేమైనా ప్రశ్న అడిగానా?" అన్నాడు. అలాగే "ఆయన కృప మిమ్మును ఆవరించునుగాక" అని మీ వెంకన్న భక్తుడికి రాస్తే, సారు మర్యాదకు దండం ఎమోజీ పెట్టి ఊరుకుంటాడు. ఏమీ అందదు.

అలాగని మన పండుగను దాచి "సీజన్స్ గ్రీటింగ్స్" అనక్కర్లేదు. క్రిస్మస్ అనే అనండి. ఇంట్లో మాట్లాడే తెలుగులో అనండి, అంతే.

ఖని షిఫ్టు
డిసెంబరు 15, రాత్రి 11:15

గోదావరిఖని. సింగరేణి. నైట్ షిఫ్టుకు పోయే ముందు రాస్తున్నా.

సారుకు రెండు లైన్లకు మించి వద్దు అన్నా. పొగడొద్దు, అదేదో ప్రమోషన్ అప్లికేషన్ లెక్క అవుతుంది. ఆ ఏడాదిలో ఆయన చేసిన ఒక్క పని పట్టుకో. నేను గనిలో మా పని చూసే ఓవర్‌మన్ సారుకు ఇట్ల రాసిన: "సార్, జూన్‌లో మా పాపకు డెంగీ వచ్చినప్పుడు అడగకుండనే లీవు రాసిన్రు. ఈ పండుగకు పాప మీకు కేకు తెస్తనంటుంది. క్రిస్మస్ శుభాకాంక్షలు సార్." ఆయన పొద్దున పూట మస్టరు పడే కాడ ఆగి "పాప బాగుందా" అని అడిగిండు. అంత ముందు ఎన్నడూ ఆగలే.

మీ లిస్టులో లేనోడు ఒకడున్నడు చూడండి, మన డ్యూటీ తీసుకునేటోడు. 24 రాత్రి ఆరాధనకు నేను పోతున్నానంటే నా షిఫ్టు మా శ్రీరాంపూర్ దోస్తు చేస్తున్నట్టు. వచ్చే నెల మేడారం జాతరకు వాడి షిఫ్టు నేను చేస్త. ఎన్నో ఏండ్ల సంది ఇదే లెక్క. వాడికి రాసేది ఒకటే: "నీ బంగారం నేను కింద దిగినా మర్చిపోను, సమ్మక్కకు నా తరఫున కూడ ఒక బుట్ట ఎత్తు. ఇయ్యాల్టికి థాంక్స్ రా." బంగారం అంటే బెల్లం, బయటి జిల్లాల వాళ్ళకు చెప్తున్నా.

క్రిస్మస్ మాటే లేదు అందులో. కానీ వాడికి నేను పంపే క్రిస్మస్ మెసేజ్ అదే.

మండిబజార్ భాయ్
డిసెంబరు 16, మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఆ దోస్తు నేను కాదులే జంక్షన్ భాయ్, కానీ నేనూ అదే బజారు, కాబట్టి చెప్తా.

మాకు రాయడానికి మీరు ఎందుకు అంత ఆలోచిస్తారో అర్థం కాదు. యేసు మాకు పరాయివాడేం కాదు, ఈసా అలైహిస్సలాం అంటాం. మరియమ్మ పేరు మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, 19వది. నమ్మకాల్లో తేడాలున్నాయి, అవి మనిద్దరికీ తెలుసు, మెసేజ్‌లో తేల్చుకునేవి కావు.

నాకు కావలసింది వేరే. ప్రతి క్రిస్మస్‌కు నా దోస్తు "ఇంటికి రా" అంటాడు. నేను పోతా, కేకు తిని, కూల్‌డ్రింక్ తాగి వచ్చేస్తా. వాళ్ళమ్మ "కూర వేసుకో బిడ్డా" అంటుంది, నేను "ఇప్పుడే తిన్నా అమ్మీ" అంటా. మాంసం ఎక్కడిదో అడగడానికి నాకు మొహమాటం, చెప్పాలని వాళ్ళకు తెలియదు. ఇట్ల చాలా ఏళ్ళు గడిచినయి. నిరుడు వాడు రాశాడు: "మటన్ మీ గల్లీ కసాయి దగ్గర నేనే నిలబడి కొట్టించిన. ఈసారి సాకులు చెల్లవ్." రెండు ప్లేట్లు తిన్నా. వాళ్ళమ్మ ఏడ్చినంత పని చేసింది.

మీ దోస్తుకు గ్రీటింగ్ గీటింగ్ ఏం వద్దు. ఈ ఒక్క లైను రాయండి.

డోర్నకల్ అక్క
డిసెంబరు 16, మధ్యాహ్నం 3:02

భాయ్, మీ మాటకు మా ఊరి పెద్ద చర్చి గుర్తొచ్చింది. మా ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. కట్టించింది అజరయ్య బిషప్‌గారు. 1912లో బిషప్ అయ్యారాయన, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, చర్చి అన్నీ కలిపి కట్టించారు. చిన్నప్పుడు మాకు అది వింతగా అనిపించేది కాదు, చర్చి అంటే అలాగే ఉంటుందనుకునేవాళ్ళం. మెదక్ చర్చి చూశాకే తెలిసింది వేరేగా కూడా కడతారని.

నేను ఇతర మతాల స్నేహితులకు ఏటా దాని ఫొటోనే పంపుతా, నేనే తీసింది. మంచు కొండల కంటే నయం కదా.

సూటిగా చెప్త
డిసెంబరు 16, రాత్రి 8:40

సరే, ఒప్పుకున్నా కొంచెం. మామగారి కోసం ఒక సాయం చేద్దామని ఏఐని అడిగా. చూడండి ఏమిచ్చిందో:

"పూజ్యులైన మామగారికి, ఈ పవిత్ర క్రిస్మస్ పర్వదినాన మీ జీవితం ఆనందోత్సాహాల జలపాతమై, ప్రేమానురాగాల హరివిల్లై, శాంతి సౌభాగ్యాల వెలుగుల తోరణమై శోభిల్లాలని మనసారా కాంక్షిస్తున్నాను."

ఖని షిఫ్టు
డిసెంబరు 16, రాత్రి 8:52

జలపాతం, హరివిల్లు, తోరణం. మామను బొగత జలపాతం చూడనీకి పంపుతున్నవా?

హన్మకొండ టీచరమ్మ
డిసెంబరు 16, రాత్రి 9:00

వ్యాకరణం తప్పు లేదు. మనిషే లేడు అందులో.

మామగారికి మెసేజ్ వద్దు జంక్షన్ గారూ. ఫోన్ చేయండి, అదీ పొద్దున్నే, ఆయన చర్చికి పోకముందు. "అల్లుడు ముందుగా చేశాడు" అని అక్కడ నలుగురికి చెప్పుకుంటారు. అంతకన్నా ఆయనకు ఏం కావాలి?

షార్జా జగిత్యాల
డిసెంబరు 17, బుధవారం, రాత్రి 12:20

ఇక్కడ టైము 10:50. డ్యూటీ దిగి చూస్తున్నా.

తమ్ముడికి ఏం రాయాలని అడిగారు కదా. "మిస్ యూ" రాయకండి, ప్లీజ్. ఆ మాట చదివాక ఇక్కడ ఏం చేయాలో తెలియదు. ఎనిమిది మంది ఉండే రూము, ఏడవడానికి బాత్‌రూము కూడా లైనే.

ఈసారి 25 గురువారం, మాకు పనిదినం. మా ఆరాధన ఎట్లాగూ శుక్రవారమే. ఊళ్ళో అర్ధరాత్రి పన్నెండుకు గంట కొడితే ఇక్కడ పదిన్నర, నేను బట్టలు ఉతుక్కుంటుంటా. నాకు కావలసింది చప్పుళ్ళు. రెండేళ్ళ కింద మా చెల్లె వాయిస్ నోట్ పంపింది, ఒక నిమిషం పదిహేను సెకన్లు. మాటల్లేవు. గారెలు నూనెలో పడే చప్పుడు, అమ్మ ఎవర్నో తిట్టడం, దూరంగా మైకు టెస్టింగు, మా కుక్క. చివర్లో చెల్లె మెల్లగా "విన్నవా అన్నా" అని. అది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రూములో ఉన్న నేపాలీ అతనికి తెలుగు రాదు, అతనూ విన్నాడు, "మీ అమ్మ ఎవర్ని తిడుతోంది" అని అడిగాడు.

ఇంకొకటి, డబ్బు సంగతి ఆ రోజు ఎత్తకండి. "పంపినవి అందినయ్, చీర తీసుకున్నం" అని కూడా. అది ఇంకో రోజు చెప్పండి.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 17, ఉదయం 7:15

షార్జా అన్నా, మా తమ్ముడు పోయినేడు నా మెసేజ్‌కు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాడు. పొగరనుకున్నా. ఇప్పుడు అర్థమైంది. వాయిస్ నోట్ పంపుతా.

పాస్టరుగారి బిడ్డ
డిసెంబరు 17, మధ్యాహ్నం 1:30

పాస్టరుగారి గురించి నేను చెప్తా, ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి. ఊరు చెప్పను, గుర్తుపడతారు.

డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే చేసే క్రిస్మస్ కూడికలు, మొదలు. బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, పల్లెల్లో రోజుకు రెండు. 25 సాయంత్రానికి నాన్న గొంతు పూర్తిగా పోతుంది, సైగలతో మాట్లాడతారు. ఆ రాత్రి ఫోన్ తీసి నాకిచ్చి చదవమంటారు. వందల మెసేజ్‌లు. సగానికి పైగా ఒకే వాక్యం, యెషయా 9:6, "మనకు శిశువు పుట్టెను". నేను చదువుతుంటే నాన్న నవ్వుతూ పెదాలు కదుపుతారు, ఆ రోజు ఆయన ప్రసంగించిందీ అదే కదా! ఆయనకే తిరిగి పంపుతున్నారు.

ఒకసారి మాత్రం చదవడం ఆపి ఫోన్ లాక్కున్నారు. ఒకాయన రాశాడు: "అయ్యగారూ, ఆగస్టులో నాన్న ఆపరేషన్ రోజు మీరు ప్రార్థన చేసి వెళ్ళిపోతారనుకున్నా. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్నారు. టిఫిన్ కూడా తినలేదు. అప్పుడు చెప్పలేకపోయా." నాన్న దాన్ని బైబిల్ వెనక అట్టలో కాగితం మీద రాసిపెట్టుకున్నారు.

మరో మాట. "అయ్యగారికి, అమ్మగారికి" అని కలిపి ఒకే మెసేజ్ నాన్న నంబరుకు పంపుతారు అందరూ. మా అమ్మ ఆ రోజు వచ్చేపోయేవాళ్ళకు వంద చాయ్‌లు పెడుతుంది. ఆమెకూ ఒక నంబరు ఉంది. ఆమెకు విడిగా ఒక్క లైను రాయండి, చాయ్ గురించి రాసినా చాలు.

తంతి తపాలా
డిసెంబరు 17, సాయంత్రం 6:00

అన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదేం? అసలు పోస్టంతా దాని కోసమే రాశాడని నాకనిపిస్తోంది.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 18, గురువారం, రాత్రి 10:40

తంతి గారూ, దొరికిపోయాను.

పెద్ద కథ కాదు. నాన్న పోయాక ఇంటి జాగ పంచుకునేటప్పుడు గజాల దగ్గర తేడా వచ్చింది. పెద్దమనుషుల ముందు నేనో మాట అన్నా, ఆయనో మాట అన్నాడు. అమ్మ నా దగ్గర ఆర్నెల్లు, ఆయన దగ్గర ఆర్నెల్లు. ఆమెను దింపడానికి వచ్చినా గేటు బయటే ఆగి హారన్ కొడతాడు. నేనూ అంతే.

ఇది రాశా, చూడండి: "అన్నా, క్రిస్మస్ శుభాకాంక్షలు. జరిగిందేదో జరిగిపోయింది. క్రీస్తు మనల్ని క్షమించినట్టే నేను కూడా నిన్ను క్షమించాను. ఇకనైనా కలిసి ఉందాం."

డోర్నకల్ అక్క
డిసెంబరు 18, రాత్రి 10:55

పంపలేదు కదా? పంపకు.

"నిన్ను క్షమించాను" అంటే తప్పు నీదే అని మళ్ళీ పంచాయితీలో కూర్చున్నట్టు. పైగా క్రీస్తును సాక్షిగా పిలిచావు. "ఇకనైనా" అనేది ఇంకో పుల్ల. నేను మీ అన్న స్థానంలో ఉంటే ఫోన్ విసిరేసేదాన్ని.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 18, రాత్రి 11:30

సరే, ఇది: "అన్నా, తప్పు నాదే. నేను ఆ రోజు అలా అనాల్సింది కాదు. నువ్వు చిన్నప్పటి నుంచి నా కోసం ఎంతో చేశావు. నన్ను చదివించావు. నేను అది మర్చిపోయాను. నువ్వు లేకుండా ఏ పండుగా పండుగలా లేదు. నన్ను క్షమించు..." ఇంకో పది లైన్లుంది.

ఖని షిఫ్టు
డిసెంబరు 19, శుక్రవారం, ఉదయం 8:20

ఇది చదివి ఆయన ఏం జవాబు రాయాలె? అదే పొడుగు రాయాలె కదా. మూడేండ్లు మాట్లాడనోడు ఒక్కపారి అంత ఎట్ల రాస్తడు? చదివి, కండ్లు తుడ్చుకొని, ఏం రాయాలో తెలవక ఊకుంటడు. నువ్వు జవాబు రాలేదని మళ్ళ కోపం తెచ్చుకుంటవ్.

జవాబు ఒక్క ముక్కలో ఇచ్చేటట్టు రాయి.

హన్మకొండ టీచరమ్మ
డిసెంబరు 19, సాయంత్రం 4:45

ఖని గారికి పదికి పది.

జంక్షన్ గారూ, మీ ఇద్దరూ చిన్నప్పుడు డిసెంబరులో కలిసి చేసిన పని ఏమిటి? గొడవకు ముందుది. దాంతో మొదలుపెట్టండి.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 19, రాత్రి 9:50

స్టార్. మేం కొనేవాళ్ళం కాదు. వెదురు బద్దలు చీల్చి, అయిదు మూలలకు సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టి, మైదా ఉడకబెట్టిన జిగురుతో రంగు కాగితం అంటించేవాళ్ళం. బద్దలు చీల్చడం, లోపల బల్బు హోల్డరు కట్టడం అన్న పని. కాగితం, జిగురు నా పని. నేను జిగురు ఎక్కువ పూస్తే కాగితం జారిపోయేది, తలమీద ఒకటి పడేది. ఒక ఏడు బల్బు వేడికి కాగితం మాడి వాసన వస్తే, నాన్న లేచేలోపు అన్న ఒట్టి చేత్తో బల్బు పీకేశాడు. బొటనవేలు మీద మచ్చ ఇంకా ఉంది.

ఆ చట్రం అమ్మ పారేయలేదు. అటక మీద ఉంది.

రాశా. పంపించేశా కూడా, మిమ్మల్ని అడగకుండానే:

"అన్నా, మన స్టార్ చట్రం అటక మీద మంచిగనే ఉంది. కాగితం నేను తెచ్చిన. హోల్డరు కట్టుడు నాకు రాదు. 24 నాడు అమ్మ ఇక్కడనే ఉంటది."

షార్జా జగిత్యాల
డిసెంబరు 19, రాత్రి 11:58

రెండు టిక్కులు పడ్డాయా?

కాజీపేట జంక్షన్
డిసెంబరు 20, శనివారం, ఉదయం 6:30

నీలం పడ్డాయి. జవాబు లేదు.

జంక్షన్ ఇంటామె
డిసెంబరు 21, ఆదివారం, మధ్యాహ్నం 3:15

వారం నుంచి ఈయన రాత్రుళ్ళు ఫోన్ పట్టుకొని ఏం చేస్తున్నారా అని చూస్తే ఇదన్నమాట. లిస్టులో నా పేరు చిట్టచివర, అదీ "ఇంకా" అని.

నాకు మెసేజ్ వద్దండీ. 24 నాడు గారెల పప్పు గ్రైండర్‌లో వేసి తీసి, ఆ గ్రైండర్ కడిగి పెట్టండి. చాలు.

డోర్నకల్ అక్క
డిసెంబరు 21, మధ్యాహ్నం 3:20

కడగడం దగ్గరే చాలా కాపురాలు ఆగిపోతాయి. స్వాగతం చెల్లీ.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 26, శుక్రవారం, ఉదయం 10:05

ఇవాళ కూడా సెలవే కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

అక్క దగ్గరికి 24 సాయంత్రం వెళ్ళా. నిచ్చెన తీసుకెళ్ళా కానీ అక్కర్లేకపోయింది, మేకు తుప్పు పట్టి ఊడిపోయింది. కిటికీకే కట్టాం. చాయ్ తాగుతూ బావ గురించి ఆమే చెప్పడం మొదలుపెట్టింది, ఎనిమిదయ్యేదాకా లేవలేదు. పోయినేటి మెసేజ్ మాట నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

పాస్టరుగారికి రాసింది చూశారో లేదో తెలియదు. అమ్మగారు మాత్రం చాయ్ మెసేజ్‌కు మూడు లైన్ల జవాబు ఇచ్చారు. సెక్షన్ సారు దండం పెట్టారు. దోస్తు మటన్ మాట చదివి ఆఫీసు నుంచే ఫోన్ చేశాడు, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు బే" అన్నాడు, కుటుంబంతో వచ్చాడు. తమ్ముడు వాయిస్ నోట్ విని ఏం రాయలేదు, తన రూములో ఫ్యాను చప్పుడు, పక్కవాడి గురక రికార్డు చేసి పంపాడు. మామగారికి పొద్దున ఆరింటికే చేశా, అప్పటికే నా తోడల్లుడు చేసేశాడట. గ్రైండర్ కడిగాను.

అన్న రాలేదు.

24 రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య, నేను అక్క ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ళ పెద్దోడు బండి మీద వచ్చాడట. చేతిలో కవరు. అందులో కొత్త హోల్డరు, రెండు గజాల వైరు ముందే బిగించి, టేపు చుట్టి, ఒక ఎల్ఈడీ బల్బు. "గుండు బల్బు పెట్టొద్దన్నడు డాడీ, కాగితం మాడుతదట" అని అమ్మకు చెప్పి, గారెలు తిని పోయాడు. గేటు లోపలికి వచ్చి తిన్నాడు.

నేను వచ్చి బల్బు బిగించా. జిగురు మళ్ళీ ఎక్కువైంది, ఒక మూల జారింది. వెలిగాక ఫొటో తీసి అన్నకు పంపా, కింద ఏమీ రాయలేదు. రాత్రి ఒంటిగంటకు జవాబు వచ్చింది: "ఎడమ మూల చూడు."

తంతి తపాలా
డిసెంబరు 26, ఉదయం 10:30

చూశావా మరి?

కాజీపేట జంక్షన్
డిసెంబరు 26, ఉదయం 10:34

నిన్న పొద్దున్నే మళ్ళీ అంటించా తంతి గారూ. ఇంకో ఫొటో పంపాలి.

సూటిగా చెప్త
డిసెంబరు 26, ఉదయం 11:10

ఆ రంగు కాగితం ఎక్కడ దొరికింది? ఇప్పుడంతా ప్లాస్టిక్ స్టార్లే. నానమ్మ అడుగుతోంది, బొమ్మ చూపించా.

కాజీపేట జంక్షన్
డిసెంబరు 26, ఉదయం 11:15

వరంగల్ చౌరస్తా దగ్గర, గాలిపటాల సామాను అమ్మే దుకాణంలో. సంక్రాంతి కోసం తెప్పించారు. ఎరుపు అయిపోయింది, పసుపు ఉంది.